స్లాబూ స్టీలూ ఒక్కటిగా వంగాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్టీల్ బీమ్ మీద డెక్ షీట్ (గాడులున్న స్టీలు రేకు) పరిచి కాంక్రీటు పోసే కాంపోజిట్ కట్టడాల గురించే, అంటే స్లాబూ స్టీలూ కలిసి ఒకే బీమ్‌గా బరువు మోసేవి. చాలా ప్రశ్నలు ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవి కాబట్టి అన్నింటికీ ఒకే బీమ్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. బలాలు కిలోన్యూటన్లలో (కి.న్యూ.), మూమెంట్లు, అంటే బీమ్‌ను వంచే ప్రభావం, కిలోన్యూటన్ మీటర్లలో (కి.న్యూ.మీ.) ఉన్నాయి.

ప్రశ్న: డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరాను. 8 మీటర్ల స్పాన్, రెండు చివర్లా సాదా సపోర్టు, 3 మీటర్లకొక బీమ్. ఐఎస్‌ఎంబీ 400 (400 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు బీమ్), ఈ250 స్టీలు (సాగే బలం 250 మెగాపాస్కల్). పైన 50 మి.మీ. ఎత్తు గాడులున్న డెక్ షీట్, దానితో కలిపి మొత్తం స్లాబ్ 130 మి.మీ., ఎం25 కాంక్రీటు (క్యూబ్ బలం 25 మెగాపాస్కల్). గాడులు బీమ్‌కు అడ్డంగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ 'పాస్' అంటోంది. చేత్తో సరిచూసుకోవడం ఎలా?
– విజయవాడ

జవాబు: ఒక కాగితం, పావుగంట చాలు. ముందు బరువులు. మీ షీటులో 200 మి.మీ.కొక గాడి, దాని సగటు వెడల్పు 120 మి.మీ. అనుకుందాం. గాడుల్లో నిండే కాంక్రీటును పరిచి చూస్తే 30 మి.మీ. మందం, పైనున్నది 80, మొత్తం 110 మి.మీ. చదరపు మీటరుకు 2.75 కి.న్యూ. షీటుకు 0.1 కలిపి 3 మీటర్లతో గుణించి, బీమ్ సొంత బరువు 0.6 చేర్చితే మీటరుకు 9.15. ఫ్లోరింగు, సీలింగు, పార్టిషన్లకు చదరపు మీటరుకు 2.5 చొప్పున 7.5. లైవ్ లోడ్ చదరపు మీటరుకు 4 చొప్పున 12. అంతా కలిపి మీటరుకు 28.65, దాన్ని 1.5తో పెంచితే 43. మధ్యలో మూమెంటు 43 × 8 × 8 ÷ 8 = 344 కి.న్యూ.మీ. బీమ్ తట్టుకోవాల్సింది ఇదీ.

ఇక బలం. బీమ్‌తో కలిసి పనిచేసే స్లాబ్ వెడల్పు స్పాన్‌లో నాలుగో వంతు, అంటే 2000 మి.మీ. బీమ్‌ల మధ్య దూరం 3000 కాబట్టి చిన్నదైన 2000నే తీసుకోవాలి. 3000 వేసేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

గాడులు బీమ్‌కు అడ్డంగా ఉన్నాయి కాబట్టి వాటిలోని కాంక్రీటును లెక్కలోకి రానివ్వం. పైనున్న 80 మి.మీ. మాత్రమే. కాంక్రీటు ఇవ్వగల గరిష్ఠ నొక్కుడు బలం 0.36 × 25 × 2000 × 80 = 1440 కి.న్యూ. స్టీలు మొత్తం లాగుడులో ఉంటే ఇచ్చేది: వైశాల్యం 7846 చ.మి.మీ., 250ని భద్రతా గుణకం 1.10తో భాగిస్తే 227.3, గుణిస్తే 1783 కి.న్యూ. ఈ రెండింటిలో ఏది తక్కువో చూస్తేనే న్యూట్రల్ యాక్సిస్ (నొక్కుడు ముగిసి లాగుడు మొదలయ్యే గీత) ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇక్కడ కాంక్రీటు తక్కువ. కాబట్టి మిగిలిన 343లో సగం, 171.6 కి.న్యూ., స్టీలు పై ఫ్లాంజే (ఐ ఆకారంలో పైనున్న అడ్డపట్టీ) నొక్కుడుగా భరించాలి. ఫ్లాంజ్ వెడల్పు 140, ఒక్కో మి.మీ. లోతుకు 31.8 కి.న్యూ. అంటే పైనుంచి 5.4 మి.మీ. లోతున న్యూట్రల్ యాక్సిస్. ఫ్లాంజ్ మందం 16 కనుక అందులోనే ఇమిడిపోయింది.

80 మి.మీ. కాంక్రీటు మధ్యబిందువు చుట్టూ మూమెంటు తీయండి. అక్కడినుంచి స్టీలు కేంద్రం దాకా 40 + 50 + 200 = 290 మి.మీ. 1783 × 0.290 = 517. నొక్కుడులోకి వెళ్లిన ఫ్లాంజ్ ముక్కను లాగుడుగా లెక్కేశాం కాబట్టి దాన్ని రెండింతలు తీసేయాలి: 343.2 × 0.0927 = 31.8. మిగిలింది 485 కి.న్యూ.మీ. ఒక్క ఐఎస్‌ఎంబీ 400కు ప్లాస్టిక్ మాడ్యులస్ (బీమ్ ఆకారం వంగుడును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) 1176 ఘ.సెం.మీ. ప్రకారం వచ్చేది 267 మాత్రమే. అంటే స్లాబ్‌తో కలిస్తే బలం 1.8 రెట్లు. కావలసిన 344కు ఒంటరి బీమ్ చాలదు, కలిసిన బీమ్‌కు బోలెడు మిగులుంది.

షియర్ (కోత బలం) కూడా ఒక వరుసలో చూసేయండి. చివర 172 కి.న్యూ., వెబ్ (ఐ ఆకారంలోని నిలువు పలక) తట్టుకునేది 400 × 8.9 మీద 467. సగం కన్నా తక్కువ కాబట్టి మూమెంటు బలాన్ని తగ్గించే పని లేదు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గాడుల సంగతి మరిచిపోయి 130 మి.మీ. అంతా కాంక్రీటే అనుకుంటే ఎంత వస్తుంది? 500 కి.న్యూ.మీ. తేడా 3 శాతం. తప్పు తప్పే, కానీ దీనివల్ల బీమ్ కూలదు. ఈ 485 అనే అంకె వెనక ఒక షరతు దాగి ఉంది: 1440 కి.న్యూ. బలం స్లాబ్‌లోంచి స్టీలులోకి దాటాలి. దాటించేవి స్టడ్లు, అంటే బీమ్ పై ఫ్లాంజ్ మీద నిలువుగా వెల్డ్ చేసే తలున్న కడ్డీలు. సాఫ్ట్‌వేర్ 'పాస్' అన్నప్పుడు ఎన్ని స్టడ్లు ఉన్నాయని అనుకుని పాస్ అందో మొదట చూడాల్సింది అది.

ప్రశ్న: డ్రాయింగులో గాడికి రెండు స్టడ్లు ఉన్నాయి. కాంట్రాక్టరు ఒకటి చాలంటున్నాడు. సగం స్టడ్లు తీసేస్తే బలం సగానికి పడిపోదా?
– సైట్ ఇంజనీరు, కరీంనగర్

జవాబు: పడిపోదు. ఎంత తగ్గుతుందో లెక్కతోనే చెప్పాలి. కాంట్రాక్టరు నోటిమాట మీద ఒప్పుకోవడమూ తప్పే, కంగారుపడి కాదనడమూ తప్పే.

పై ఉదాహరణనే తీసుకోండి. 19 మి.మీ. స్టడ్, వెల్డింగ్ తర్వాత ఎత్తు 95 మి.మీ. దాని బలం రెండు విధాల తేలుతుంది. స్టడ్ తెగిపోవడం లెక్కన, స్టీలు 450 మెగాపాస్కల్ అయితే 81.7 కి.న్యూ. చుట్టూ కాంక్రీటు నలగడం లెక్కన, సిలిండర్ బలం 20, ఎలాస్టిక్ మాడ్యులస్ 25,000 తీసుకుంటే 59.2 కి.న్యూ. చిన్నది 59.2, అదే పనికొస్తుంది. ఇక్కడ క్యూబ్ బలం 25 వేసేవాళ్లున్నారు. సూత్రంలో ఉన్నది సిలిండర్ బలం, క్యూబ్‌లో దాదాపు 0.8 వంతు. ఎం25 స్లాబులో స్టడ్ తెగకముందే కాంక్రీటు నలుగుతుంది కాబట్టి ఎక్కువ బలమున్న స్టడ్లు కొనితెచ్చినా ప్రయోజనం లేదన్నది కూడా ఈ రెండంకెలే చెబుతున్నాయి.

అయితే 59.2 అన్నది గాడుల్లేని నిండు స్లాబ్‌కు. గాడిలో నిలబెట్టిన స్టడ్ చుట్టూ కాంక్రీటు తక్కువ కాబట్టి తగ్గింపు గుణకం ఉంటుంది. మీ గాడి ఎత్తు, వెడల్పులు సూత్రంలో పెడితే 1 దాటుతుంది. కానీ 1 మి.మీ. వరకు మందమున్న షీటులోంచి వెల్డ్ చేస్తే గాడికి ఒక స్టడ్ ఉన్నప్పుడు 0.85, రెండున్నప్పుడు 0.70 మించకూడదని యూరోకోడ్ 4 (కాంపోజిట్ కట్టడాలకు యూరప్ కోడ్) కట్టడి చేస్తుంది. అంటే గాడికి ఒకటైతే స్టడ్ ఒక్కింటికి 50.3, రెండైతే ఒక్కోటి 41.4. రెండు పెడితే రెండింతలు రాదు, 1.65 రెట్లే.

సపోర్టు నుంచి మధ్య వరకు 4 మీటర్లలో 20 గాడులు. రెండేసి పెడితే 40 × 41.4 = 1656, కావలసిన 1440 దాటింది. ఒక్కొక్కటి పెడితే 20 × 50.3 = 1006, అంటే కావలసిన 1440లో 70 శాతం; దీన్నే 70 శాతం కనెక్షన్ అంటారు. ఇప్పుడు స్లాబ్ ఇచ్చేది 1006 మాత్రమే అని పెట్టి మళ్లీ అదే లెక్క చేయండి. కాంక్రీటులో నొక్కుడు పొర లోతు 56 మి.మీ., ఫ్లాంజ్‌లో నొక్కుడు లోతు 12.2 మి.మీ., మూమెంటు 455 కి.న్యూ.మీ. కనెక్షన్ 30 శాతం తగ్గితే బలం తగ్గింది 6 శాతం! 40 శాతానికి దించితే న్యూట్రల్ యాక్సిస్ వెబ్‌లోకి దిగుతుంది, అయినా 407 వస్తుంది. కొందరు ఒంటరి బీమ్ బలానికీ పూర్తి బలానికీ మధ్య గీత గీసి అంచనా వేస్తారు. ఆ లెక్కన 70 శాతానికి 420, 40 శాతానికి 354. ఇది తక్కువ చూపిస్తుంది కాబట్టి సురక్షితం, సైటులో గబుక్కున చూసుకోవడానికి బాగుంటుంది.

కాబట్టి మీ కాంట్రాక్టరు మాట ఈ బీమ్ వరకు నిజం. పైగా 140 మి.మీ. ఫ్లాంజ్ మీద రెండు స్టడ్లు 76 మి.మీ. దూరంలో పెడితే అంచుకు మిగిలేది 22.5 మి.మీ. అంచు 25 ఉండాలన్న నియమం పాటించేచోట అవి ఇమడనే ఇమడవు. డ్రాయింగు గీసినవారు ఇది చూసుకున్నట్టు లేదు.

ఒప్పుకునే ముందు మూడు సంగతులు. మొదటిది, కనెక్షన్ 40 శాతం కన్నా తగ్గకూడదు, స్పాన్ పెరిగినా స్టీలు గ్రేడు పెరిగినా ఆ కనీసం కూడా పెరుగుతుంది. యూరోకోడ్ సూత్రంలో ఇదే 8 మీటర్లకు 355 గ్రేడు స్టీలు పెడితే కనీసం 49 శాతం. బలమైన స్టీలు ఎక్కువ సాగాక గానీ దాని పూర్తి బలం ఇవ్వదు. అంత సాగేసరికి చివర్లలోని స్టడ్లు జారిజారి తెగిపోయే ప్రమాదం ఉంది. రెండోది, మీ బీమ్ మీద మధ్యలో ఎక్కడైనా మరో బీమ్ వచ్చి కూర్చుంటే, సపోర్టు నుంచి ఆ బిందువు దాకా ఉన్న స్టడ్లతో అక్కడి మూమెంటును విడిగా చూడాలి. సమానంగా పరిచిన బరువుకు సమానంగా పరిచిన స్టడ్లు సరిపోతాయి గానీ ఒకచోట కూర్చున్న బరువుకు సరిపోవు. మూడోది డిఫ్లెక్షన్. స్టడ్లు తగ్గితే స్లాబ్, స్టీలు మధ్య జారుడు పెరుగుతుంది, బలంలో కనబడని నష్టం వంగుడులో కనబడుతుంది.

ప్రశ్న: గాడి నడుమ పొడుగునా ఉబ్బు ఉంది. స్టడ్ సరిగ్గా మధ్యలో పట్టడం లేదు. ఏ పక్కకు జరపాలి?
– వెల్డింగ్ సూపర్‌వైజరు, గాజువాక

జవాబు: దగ్గర్లోని సపోర్టు వైపుకు. బరువు పడ్డప్పుడు స్లాబ్ స్టడ్‌ను సపోర్టు దిక్కుగా తోస్తుంది. తోసేది స్టడ్‌కు మధ్యస్పాన్ పక్కనున్న కాంక్రీటు. ఆ పక్క కాంక్రీటు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. స్పాన్ సగం దాటాక వైపు మారుతుందని మీవాళ్లకు గట్టిగా చెప్పండి. బీమ్ మొత్తం ఒకే పక్కకు కొట్టేస్తే సగం స్టడ్లు బలహీనమైన వైపు పడ్డట్టే. ఉబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే ఉబ్బుకు చెరో వైపున ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి పెట్టే పద్ధతీ ఉంది.

ప్రశ్న: కాంక్రీటు పోస్తుండగా బీమ్ పక్కకు తిరిగింది. స్లాబ్ ఆపేశాం. డిజైన్‌లో బీమ్‌కు 40 శాతం మిగులు ఉందని చూపించారు. మరి ఎందుకిలా?
– బిల్డర్, గుంటూరు

జవాబు: ఆ మిగులు గట్టిపడిన కాంక్రీటుతో కలిసిన బీమ్‌ది. పచ్చి కాంక్రీటు కేవలం బరువు, బలం సున్నా. ఆ పూట మోసేది ఒంటరి స్టీలు బీమ్ ఒక్కటే. దానికి వేరే లెక్క ఉండాలి. కాంపోజిట్ బీమ్‌లకు నిజంగా చెడు జరిగేది తరచూ ఈ దశలోనే, ఈ లెక్కే ఎక్కువమంది వదిలేసేది కూడా.

మన ఉదాహరణలోనే చూడండి. పచ్చి కాంక్రీటు, షీటు, బీమ్ కలిసి మీటరుకు 9.15. మనుషులు, పైపులు, గుట్టగా పడే కాంక్రీటు కోసం చదరపు మీటరుకు 1.5 చొప్పున 4.5. మొత్తాన్ని 1.5తో పెంచితే 20.5, మూమెంటు 164 కి.న్యూ.మీ. ఒంటరి బీమ్ బలం 267 కదా, సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ 267 పై ఫ్లాంజ్‌ను పక్కకు కదలకుండా ఎవరో పట్టుకున్నప్పుడే. 8 మీటర్ల పొడవునా పట్టు లేకుండా వదిలేస్తే ఐఎస్ 800 (మన స్టీలు కట్టడాల కోడ్) లెక్కలో అదే బీమ్ తట్టుకునేది సుమారు 71. కావలసింది 164! బీమ్ పక్కకు తిరగడంలో వింతేమీ లేదు.

పట్టు ఇచ్చేది డెక్ షీటే. గాడులు బీమ్‌కు అడ్డంగా ఉండి, షీటును ఫ్లాంజ్‌కు స్టడ్లతోనో షాట్ పిన్నులతోనో బిగిస్తే చాలావరకు పట్టు దొరుకుతుంది. ఊరికే పరిచి పోసేస్తే దొరకదు. గాడులు బీమ్‌కు సమాంతరంగా ఉన్నచోట, అంటే మెయిన్ బీమ్‌ల మీద, షీటును నమ్ముకోకూడదు. అక్కడ వచ్చి కలిసే సెకండరీ బీమ్‌లే పట్టు, వాటి మధ్య దూరాన్నే పట్టులేని పొడవుగా తీసుకోవాలి. మీ సైటులో ఏది లోపించిందో ఈ రెండు ప్రశ్నలతో తేలిపోతుంది: షీటు ఏ దిక్కుగా ఉంది, దేనితో బిగించారు? మళ్లీ పోసే ముందు మూడోవంతుల దగ్గర బీమ్ నుంచి బీమ్‌కు తాత్కాలికంగా యాంగిల్ కట్లు వేయించండి. ఇప్పటికే తిరిగిన బీమ్ నిటారుకు వచ్చిందో లేదో కొలిచి డిజైనర్‌కు చూపించాకే పని మొదలుపెట్టాలి.

ఇంకొకటి. పచ్చి కాంక్రీటు బరువుకే ఈ బీమ్ మధ్యలో 12 మి.మీ. కుంగుతుంది. పైభాగం లెవెల్ చేసే మేస్త్రీ ఆ గుంట నింపేస్తాడు, బరువు పెరుగుతుంది, బీమ్ ఇంకా కుంగుతుంది. స్పాన్ పెద్దదైనకొద్దీ ఈ అదనం లెక్కలోకి రావాలి. మందం లెవెల్‌తో కాక, స్లాబ్‌లో పిన్ను గుచ్చి కొలవమనండి.

ప్రశ్న: అలాంటప్పుడు కింద జాకీలు పెట్టి పోస్తే బీమ్ బలం పెరుగుతుందా?
– డిప్లొమా విద్యార్థిని, అనంతపురం

జవాబు: ప్లాస్టిక్ లెక్కలో తుది బలం రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే, 485. స్టీలు మొత్తం సాగే దశకు చేరాక, ఏ బరువు ముందొచ్చింది ఏది వెనకొచ్చింది అన్న చరిత్ర చెరిగిపోతుంది. మారేవి రెండు: పోసేటప్పటి భద్రత, ఆ తర్వాతి వంగుడు. జాకీలుంటే స్లాబ్ సొంత బరువును కూడా కలిసిన బీమే మోస్తుంది కాబట్టి వంగుడు బాగా తగ్గుతుంది. జాకీల కింది నేల కుంగకూడదు, కాంక్రీటు బలం వచ్చేదాకా తీయకూడదు.

వెబ్ సన్నగా ఉన్న బిల్ట్‌అప్ గర్డర్లకు (పలకలు వెల్డ్ చేసి తయారుచేసిన పెద్ద బీమ్‌లకు) ఈ మాట వర్తించదు. అవి ప్లాస్టిక్ దశకు చేరకముందే వెబ్ నలగవచ్చు. వాటికి ఎలాస్టిక్ లెక్కే చేయాలి, అందులో జాకీలున్నాయా లేవా అన్నది ఒత్తిళ్లను నేరుగా మారుస్తుంది.

ప్రశ్న: మా ఊరికి స్టడ్ గన్ రాదు. 20 మి.మీ. టీఎంటీ రాడ్ ముక్కలు కోసి నిలువుగా వెల్డ్ చేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?
– ఫ్యాబ్రికేటర్, నంద్యాల

జవాబు: కాదు. స్టడ్ పని పక్కకు జారడాన్ని ఆపడం ఒక్కటే కాదు, స్లాబ్ పైకి లేవకుండా పట్టుకోవడం కూడా. స్టడ్‌కు తల ఉన్నది అందుకే. నున్నగా కోసిన ముక్కకు తల లేదు. పైగా రాడ్ అడుగు చుట్టూ చేత్తో వేసిన ఫిల్లెట్ వెల్డ్ నాణ్యత ఒక్కో ముక్కకు ఒక్కో తీరుగా ఉంటుంది. స్టడ్ సూత్రంలోని అంకె ఆ ముక్కకు వాడే హక్కు మనకు లేదు.

గన్ లేనిచోట నిలకడైన దారి ఛానెల్ (సి ఆకారపు స్టీలు) ముక్కలు. ఐఎస్‌ఎంసీ 75 లేదా 100ను కోసి, ఒక ఫ్లాంజ్ బీమ్ మీద ఆనేలా అడ్డంగా పెట్టి వెల్డ్ చేస్తారు. రెండో ఫ్లాంజ్ పైన గొడుగులా ఉండి స్లాబ్‌ను పట్టుకుంటుంది. ఎత్తు గాడిని దాటి కాంక్రీటులోకి వెళ్లాలి కాబట్టి 50 మి.మీ. గాడులకు 100 నయం. అయితే ఛానెల్‌ను డెక్ షీటు మీదనుంచి వెల్డ్ చేయకూడదు. బీమ్ దగ్గర షీటును ఆపి, స్టీలు మీదే నేరుగా వేయాలి. అప్పుడు షీటు అంచు బీమ్ మీద కనీసం 50 మి.మీ. కూర్చునేలా చూడాలి. 140 ఫ్లాంజ్ మీద రెండు పక్కలా 50 పోతే మధ్యలో మిగిలేది 40 మి.మీ. ఛానెల్‌కు ఆ జాగా చాలదు. అందుకే ఇలాంటి పనికి డెక్ షీటు మానేసి సెంట్రింగుతో నిండు స్లాబ్ వేయడమే తేలిక. దానికి గాడుల తగ్గింపూ ఉండదు.

ప్రశ్న: వేసిన స్టడ్ బాగుందో లేదో సైటులో ఎలా తేల్చాలి?
– క్వాలిటీ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: మొదట కన్నుతో. స్టడ్ అడుగు చుట్టూ కరిగి గడ్డకట్టిన మెరుపు ఉంగరం పూర్తిగా, తెగకుండా ఉండాలి. తర్వాత కొలతతో. 19 మి.మీ. స్టడ్ వెల్డింగులో సుమారు 5 మి.మీ. కరిగి కురచవుతుంది. 100 తెచ్చారనుకుంటే 95 ఉండాలి. 98, 99 ఉందంటే సరిగా కరగలేదు, అంటుకున్నట్టు కనబడుతుంది గానీ పట్టు లేదు.

ఆ తర్వాత సుత్తి. షిఫ్టు మొదట్లో వేసిన రెండు స్టడ్లను 30 డిగ్రీలు వంగేదాకా కొట్టి చూస్తారు. వెల్డ్ చీలకపోతే గన్ సెట్టింగ్ సరైనదే, పని సాగించవచ్చు. ఉంగరం తెగినట్టున్న స్టడ్‌ను ఉంగరం లేని పక్కకు వ్యతిరేక దిక్కుకు 15 డిగ్రీలు వంచి చూస్తారు. నిలిచిందంటే అలాగే వదిలేయండి, మళ్లీ నిటారు చేయకండి. వంగిన స్టడ్ పనిచేస్తుంది, అటూ ఇటూ వంచిన స్టడ్ పగులుతుంది.

చెడిపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఫ్లాంజ్ పైన పెయింట్ (స్టడ్లు పడే చోట పెయింట్ వేయొద్దని షాపుకే ముందు చెప్పాలి), షీటుకూ ఫ్లాంజ్‌కూ మధ్య వాన నీరు, వెల్డింగప్పుడు స్టడ్ అడుగున పెట్టే సిరామిక్ ఉంగరాలు తడవడం, షీటు రెండు పొరలు ఒకదానిపై ఒకటి వచ్చిన చోటు, పొడవాటి కేబుళ్ల వల్ల పడిపోయిన కరెంటు. ఇదే లైను మీద మిక్సరు, లిఫ్టు నడుస్తుంటే గన్‌కు సరిపడా కరెంటు రాదు, విడిగా జనరేటర్ ఉండాలి. జూలై, ఆగస్టుల్లో పని పెట్టుకుంటే పొద్దున్నే షీటు కిందకు చేరిన తడిని ఆరబెట్టే ఏర్పాటు కూడా ఉండాలి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ ఎక్సెల్ షీటులో కాంక్రీటు బలం మన కోడ్ కన్నా ఎక్కువ వస్తోంది. ఏది నమ్మాలి?
– స్ట్రక్చరల్ డిజైనర్, తిరుపతి

జవాబు: రెండూ నిజమే, కలపనంతవరకు. మన పద్ధతిలో ఎం25కు 0.36 × 25 = 9 మెగాపాస్కల్. యూరోకోడ్‌లో అదే కాంక్రీటును సిలిండర్ బలం 20గా తీసుకుని 0.85 × 20 ÷ 1.5 = 11.3. అక్కడ స్టీలును 1.10తో భాగించరు, 1.0తోనే. మన స్లాబ్‌కు కాంక్రీటు 1813, స్టీలు 1961 అవుతాయి. కానీ వాళ్ల బరువుల గుణకాలు వేరు: శాశ్వత భారానికి 1.35, లైవ్ లోడ్‌కు 1.5. బలం అక్కడినుంచి, బరువు ఇక్కడినుంచి తెచ్చి అతికించిన లెక్క ఏ కోడ్‌కూ చెందదు.

మరో జాగ్రత్త. ఆఫీసుల్లో ఇంకా తిరుగుతున్న పాత పుస్తకాలు ఐఎస్ 11384 (కాంపోజిట్ కట్టడాలకు మన కోడ్) 1985 కూర్పు మీద రాసినవి. అందులో గాడుల డెక్ షీట్ స్లాబుల ఊసు లేదు, స్టీలుకు 0.87 వాడతారు. 2022లో ఆ కోడ్‌ను సవరించారు. బ్రిడ్జిలకైతే ఐఆర్‌సీ 22 చూడాలి. ఉదాహరణ ఏ సంవత్సరం కోడ్ మీద చేశారో మొదటి పేజీలోనే చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

ప్రశ్న: రెండు స్పాన్ల కంటిన్యువస్ బీమ్‌లో మధ్య సపోర్టు దగ్గర కూడా 485 తీసుకోవచ్చా?
– ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: కుదరదు. అక్కడ స్లాబ్ లాగుడులో ఉంటుంది, కాంక్రీటు పగిలిందనే అనుకోవాలి. మిగిలేవి స్లాబ్‌లోని రాడ్లు, స్టీలు బీమ్. పనిచేసే వెడల్పు కూడా తగ్గుతుంది. రెండు పక్కలా 8 మీటర్లుంటే లెక్కకు తీసుకునే పొడవు 16లో నాలుగో వంతు, 4 మీటర్లు. దానిలో నాలుగో వంతు 1 మీటరు వెడల్పు. అందులో 12 మి.మీ. రాడ్లు 150కొకటి ఉంటే 754 చ.మి.మీ., ఫే 500కు (సాగే బలం 500 మెగాపాస్కల్ ఉన్న రాడ్లకు) 328 కి.న్యూ. రాడ్లు బీమ్ కేంద్రానికి 300 మి.మీ. పైన ఉన్నాయనుకుంటే 267 + 98 − 13 = 352 కి.న్యూ.మీ. ఆ 13 ఎందుకంటే, న్యూట్రల్ యాక్సిస్ బీమ్ కేంద్రం నుంచి 81 మి.మీ. పైకి జరిగినందుకు వెబ్‌లో పోయే భాగం.

ఇక్కడ నొక్కుడులో ఉన్నది కింది ఫ్లాంజ్, దాన్ని పట్టుకునే షీటు లేదు. సపోర్టుకు రెండు పక్కలా దానికి పట్టు ఉందో లేదో విడిగా చూడాలి. పగుళ్ల కోసం వేసే సన్నని వెల్డెడ్ మెష్‌ను ఈ బలంలో కలపకండి. అది ఎక్కువ సాగకుండానే తెగుతుంది.

ప్రశ్న: స్లాబ్ పైన సరిగ్గా బీమ్ గీతమీదే పొడుగ్గా పగులు వచ్చింది. ఇది ఎండకు వచ్చిందా, బలం చాలక వచ్చిందా?
– అపార్ట్‌మెంట్ సంఘం తరఫున, కాకినాడ

జవాబు: పగులు చూసి దూరం నుంచి తేల్చలేం గానీ వెతకాల్సిన చోటు చెప్పగలం. స్టడ్లు స్లాబ్‌లోకి నెట్టే బలం బీమ్‌కు రెండు పక్కలా స్లాబ్‌ను పొడుగునా కోయాలని చూస్తుంది. గాడికి ఒక స్టడ్ ఉంటే మి.మీ.కు 251 న్యూటన్లు, ఒక్కో పక్కకు 126. దీన్ని పట్టేవి బీమ్‌కు అడ్డంగా ఉండే రాడ్లు. 8 మి.మీ. రాడ్లు 150కొకటి అంటే మీటరుకు 335 చ.మి.మీ., ఫే 500కు 146 వస్తుంది, సరిపోతుంది. అవే రాడ్లు 300కొకటి వేసి ఉంటే 73, చాలదు. బీమ్‌కు అడ్డంగా, తెగకుండా సాగిన షీటు కొంత సాయం చేస్తుంది గానీ బీమ్ మీదే షీటును ముక్క చేసి ఉంటే, స్టడ్లతో దాన్ని కట్టివేయకపోతే, ఆ సాయాన్ని లెక్కించకూడదు.

ముందు డ్రాయింగులో అడ్డ రాడ్ల దూరం చూడండి. తర్వాత కవర్ మీటరుతో సైటులో నిజంగా ఎంత దూరానికి ఉన్నాయో, ఎంత లోతున ఉన్నాయో కొలిపించండి. పోసేటప్పుడు తొక్కుడికి మెష్ కిందికి దిగి షీటు మీద పడుకోవడం చాలా మామూలు. దిగిన మెష్ పై పగుళ్లను ఆపలేదు. పగులు 0.3 మి.మీ. లోపే ఉండి, రాడ్లు డ్రాయింగు ప్రకారమే ఉంటే చాలావరకు అది ఆరడం వల్ల వచ్చిందే. పగులుకు రెండు పక్కలా ఎత్తు తేడా వేలికి తగులుతున్నా, బరువు పెట్టినప్పుడు వెడల్పు మారుతున్నా వెంటనే ఆ ప్యానెల్ మీద బరువు తీయించి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.